రైల్వే అప్రెంటిస్: గుత్తి, గుంతకల్లు వైపు చూసే ఐటీఐ పిల్లలకు నేను చెప్పేది

ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు ముగించి అనంతపురంలో సలహాకు వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, రైల్వేలో అప్రెంటిస్ వస్తుందా?" అప్రెంటిస్ అంటే గుత్తి, గుంతకల్లు రైల్వే షెడ్లలాంటి చోట స్టైపెండ్ ఇస్తూ పని నేర్పే శిక్షణ.

నేను ముందు టెన్త్ మెమో అడుగుతాను. దీనికి రాతపరీక్ష లేదు. టెన్త్ శాతం, ఐటీఐ శాతం కలిపి రెండుతో భాగిస్తారు, అదే మెరిట్. ఐటీఐలో 90 తెచ్చుకున్నా టెన్త్‌లో 55 ఉంటే 72.5. టెన్త్‌లో 85, ఐటీఐలో 70 ఉన్నవాడు 77.5తో ముందుంటాడు. కొందరు మార్కులు బాగా వచ్చిన అయిదు సబ్జెక్టులే లెక్కేసుకొస్తారు. కుదరదు, అన్నీ కలపాల్సిందే.

తర్వాత పేరు. మన వైపు అసలు తలనొప్పి ఇదే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకు పుస్తకంలో ముందువెనకలు. మెమోను ముట్టుకోవద్దు. దానికి తగ్గట్టు ఆధార్ మార్పించి, ఆ తర్వాతే బ్యాంకుకు పోవాలి. ప్రైవేటు కంపెనీలో అప్రెంటిస్‌గా చేరేవాళ్లకు స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేస్తుంది. అది పడాలంటే ఖాతా ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థలో, మీ ఆధార్‌కు మ్యాప్ అయి ఉండాలి. బ్యాంకులో ఈ మాటే అడగండి. "ఆధార్ లింకయిందా?" అంటే అయిందనే చెబుతారు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు తొందర. పాసైన నెలలోనే ఏదో కంపెనీవాళ్లు పిలిచారని ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో కాంట్రాక్టుకు ఓకే కొట్టేస్తారు. ఒకచోట అప్రెంటిస్ చేస్తున్నవాళ్లు, చేసేసినవాళ్లు రైల్వే అప్రెంటిస్‌కు అనర్హులు. మెరిట్ బాగుంటే రైల్వే నోటిఫికేషన్ దాకా ఆగండి. 60 కూడా దాటకపోతే రైల్వే కోసం ఏడాది ఇంట్లో కూర్చోమని నేను చెప్పను. వచ్చిన కంపెనీలో చేరొచ్చు, కాకపోతే కాంట్రాక్టులో మీ ట్రేడే రాశారా, ఎన్ని నెలలు అన్నది చూసుకుని.

ఎలక్ట్రీషియన్లకు ఇంకో దారి ఉంది. అది కరెంటు సంస్థల్లో లైన్‌మన్ ఉద్యోగం. 2019 జూనియర్ లైన్‌మన్ నియామకాల్లో స్తంభం ఎక్కించి చూశారు, సైకిల్ తొక్కించారు, మీటర్ రీడింగ్ తీయించారు. ఆ సాధన చదువుతున్నప్పుడే మొదలెట్టాలి.

రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసి జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకు రైల్వే లెవల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఆ పోస్టుకు రాతపరీక్ష మాత్రం తప్పదు. షెడ్డులో ఏడాది చేస్తే పర్మనెంట్ చేయిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. 1961 అప్రెంటిస్ చట్టంలో ఉద్యోగానికి పూచీ ఏమీ లేదు.