నాన్న మాట కన్నా కాటా మాటే నమ్ముతా

మా నాన్నకి గుండె పంపింగ్ 30 శాతమే ఉందని ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో వచ్చి రెండేళ్లు దాటింది. హార్ట్ ఫెయిల్యూర్ అనగానే ఇక గుండె ఆగిపోతుందేమో అనుకుని అమ్మ ఏడ్చేసింది. ఆగడం కాదు, కొట్టుకుంటూనే ఉంటుంది, కాకపోతే ఒంటికి కావలసినంత రక్తం నెట్టలేదు, దాంతో ఒంట్లో ఉప్పూ నీరూ పేరుకుపోతాయి. ఆ నీరు చేరడం ముందే కనిపెట్టాలి, అదే మా పని.

ఆయన్ని అడిగి లాభం లేదు. "ఎలా ఉంది నాన్నా" అంటే "నాకేంట్రా, బానే ఉన్నా" అంటారు. పోయిన సంక్రాంతికీ అదే అన్నారు. పడుకుంటే దగ్గు, ఆయాసమని ఒక దిండు రెండయింది, రెండో దాని మీద దుప్పటి మడత చేరింది, ఆఖరికి వాలుకుర్చీలోనే నిద్ర. చలికాలం దగ్గులే అని సిరప్ తాగించాం. ఓ రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే హాస్పిటల్‌కి పరిగెత్తాం. అక్కడ తూస్తే మూడున్నర కిలోలు ఎక్కువ, అంతా నీరే. మేమేమో పండక్కి కాస్త ఒళ్లు చేశారనుకున్నాం!

ఇప్పుడు పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందే, లుంగీ బనీనుతో కాటా ఎక్కాల్సిందే. అమ్మ గోడ క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కనే, 62.4 అని రాస్తుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యమన్నారు డాక్టర్ గారు. కాటా గచ్చు మీదే పెట్టండి, మేం ఒకసారి చాప మీద పెట్టి అంకె తప్పొచ్చి అనవసరంగా టెన్షన్ పడ్డాం. తర్వాత చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి వదులుతా, గుంట పడి పూడకపోతే వాపున్నట్టే.

ఆవకాయ, అప్పడాలు బంద్. సోడియం తక్కువని షాపుల్లో అమ్మే ఉప్పు కూడా డాక్టర్‌ని అడక్కుండా వాడకండి, అందులో పొటాషియం ఉంటుంది, గుండె బిళ్లల్లో కొన్నిటికి అది పడదు. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలూ అంతే, చాలావాటితో ఒంట్లో నీరు నిలుస్తుంది.

మొన్న గురువారం 64.6 చూపించింది. "బానే ఉన్నా" అన్నారు మామూలుగానే. ఫోన్ చేస్తే రెండు రోజులు నీళ్ల బిళ్ల (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసేది) పెంచారు, శనివారానికి 62.7కి దిగింది. ఆ రెండు రోజులూ నాన్న నాతో మాట్లాడలేదు, ఎదురింటి పెళ్లిలో రెండు పూటలా లాగించిన భోజనం సంగతి కాటా బయటపెట్టేసిందని.