నా అనుభవం: సీమలో ఆరు రోజుల పరుగు, ఒక కుడి మోకాలు

కాలి గోళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. అవి ఊడిపోయేలోపే రాసేస్తే మేలు. కర్నూలు తుంగభద్ర వంతెన నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాకా, అంటే 44వ నంబరు జాతీయ రహదారిలో మన సీమ ముక్క మొత్తం, డిసెంబరులో ఆరు రోజుల్లో పరిగెత్తాను. సుమారు 250 కిలోమీటర్లు, రోజుకు 40 అటూ ఇటూ. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 పైచిలుకు ఉండే రోడ్డులో ఇదెంత అంటారా? ఆ కాస్తకే గుత్తి లాడ్జిలో మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది.

ముందు పర్మిషన్ గొడవ. ఎక్స్‌ప్రెస్‌వేల మీద మనుషుల్ని నడవనివ్వరు గానీ మామూలు జాతీయ రహదారికి ఆ అడ్డు లేదు. అయినా మర్యాదకు ఒక లెటరు ఇద్దామని ఓ ఆఫీసుకు పోతే, "ఏ పార్టీ అప్పా మీది? జనం ఎంతమంది? మైకు ఉంటాదా?" అని అడిగారు. పాదయాత్ర అనుకున్నారు. నేనొక్కడినే సార్, ఉరికేది నేనే అంటే జాలిగా చూసి పక్క టేబుల్‌కి పంపారు. ఒక్క ముద్ర కోసం మూడు రోజులు. దారి పొడుగునా ఆ కాగితం చూపించమన్నవాడు ఒక్కడూ లేడు. దానికి పెట్టే టైమ్‌లో ఫోన్లో 1033 సేవ్ చేసుకోండి, హైవే హెల్ప్‌లైన్ అదే. టోల్ ప్లాజాల్లో అంబులెన్సూ ఉంటుంది, బాత్రూమూ ఉంటుంది. అమకతాడు, కాసేపల్లి, మరూరు, ఈ మూడింటినీ లెక్కలో పెట్టుకున్నా.

పొద్దున నాలుగున్నరకు రేడియం కోటు, తలకు లైటు, ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడి అంచు. తోడుగా వచ్చిన బావమరిది బండి వెనకాల రాకూడదు, మూడు కిలోమీటర్లు ముందుకు పోయి సర్వీసు రోడ్డులో ఆగాలి. మనం ఎదురొచ్చే బండ్ల వైపు ఉంటాం కదా, వెనకాలే రావాలంటే అది రాంగ్ రూటు. వెల్దుర్తి దాకా హాయిగా పోయింది.

డోన్ దాటాక కుడి మోకాలు బయటి వైపు సూదితో పొడిచినట్టు మొదలైంది. ఆగితే ఉండదు, పది నిమిషాలు పరిగెత్తితే మళ్లీ వస్తుంది. షూ పాడైందన్నారు ఒకరు, వాతం అన్నారు ఇంకొకరు. షూ మార్చాను, బిగుతుగా పట్టీ కట్టాను, ఫలితం సున్నా. ప్యాపిలి దగ్గర గుట్టలు దాటి దిగుడులో పడ్డాక ఇక అడుగు పడలేదు. ఈ నొప్పికి దిగుడంటే పగ. గుత్తిలో రెండో అంతస్తు రూము ఇచ్చారు. పొద్దున రెయిలింగ్ పట్టుకుని వెనక్కి దిగుతుంటే టీలు తెచ్చే పిల్లోడు ట్రే పట్టుకుని నిలబడిపోయాడు.

గుట్టు ఆ రోజే బయటపడింది. ఓ ధాబా ముందు రోడ్డంచున కూర్చుని కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసుకున్నా. నీళ్లు నా ముందుకు పారలేదు, వెనక్కీ పారలేదు. నేరుగా కుడికి, కాలువ వైపు జారిపోయాయి. వాన నీళ్లు నిలవకుండా తారు రోడ్డును రెండు, రెండున్నర శాతం వాలుతో వేస్తారు, అంటే మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల దాకా. మట్టి అంచు ఇంకా ఎక్కువ వాలు. రెండున్నర రోజులుగా నా కుడి కాలు పల్లంలో, ఎడమ కాలు మిట్టలో పడుతున్నాయి. రోజుకు యాభై వేల అడుగులు దాటుతాయి కదా, తుంటి నుంచి మోకాలి పక్కగా దిగే పట్టీ లాంటి గట్టి పొర (డాక్టర్లు ఐటీ బ్యాండ్ అంటారు) లాక్కుని లాక్కుని వాచింది. షూకి ఏ పాపమూ తెలియదు.

అప్పట్నించి మట్టి మీద పరుగు బంద్. తెల్ల గీతకు ఇవతల ఉండే తారు అంచు మీదే, అదీ గీత వైపు సగంలో. సర్వీసు రోడ్డు దొరికిన ప్రతిచోటా, వెలుగొచ్చాక మాత్రమే, అండర్‌పాస్ దాటి ఎడమ అంచుకు మారడం. రోడ్డు ఎడమకు తిరిగే మలుపుల్లో వాలు తిరగబడుతుంది, అక్కడ మోకాలికి కాస్త ఊపిరి. దిగుడులో చిన్న చిన్న అడుగులు. తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మామూలుగా పరిగెత్తగలిగే వాళ్లు కూడా మొదటి రోజు నుంచే ఇలా చేయండి, నాలాగా పౌరుషానికి పోవద్దు. దూరం చూసుకోవడానికి వాచీ అక్కర్లేదు, 200 మీటర్లకో చిన్న రాయి ఉంటుంది.

బొబ్బల గురించి: షూ అర సైజు పెద్దది కొనాలి, రెండో రోజుకే పాదం ఉబ్బుతుంది. పది కిలోమీటర్లకోసారి సాక్సు మార్చాలి, తడే అసలు శత్రువు. బొబ్బ వస్తే సూదిని స్పిరిట్‌తో తుడిచి, అంచున కింది వైపు రెండు చోట్ల గుచ్చి నీళ్లు ఒత్తేయాలి. పైతోలు పీకొద్దు. బెటాడిన్ పూసి, ఆరాక ప్లాస్టరు అంటించాలి. ప్లాస్టరు మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే సాక్సుకు తగిలి లేస్తాయి. రక్తపు బొబ్బను ముట్టుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు అసలు గుచ్చుకోవద్దు. తొడల మధ్య వాసెలిన్ తప్పనిసరి, ఎందుకో మొదటి స్నానంలో తెలుస్తుంది.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లకు. అర లీటరులో కలిపితే కడుపు తిప్పుతుంది. ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడిపోతుంది. పెరుగన్నం, అరటిపండు, వేరుశనగ చిక్కీ బాగా పనిచేశాయి. గుత్తిలో ఉగ్గాని తిన్నా, బాగా అరిగింది. దాంతోపాటు రెండు మిరపకాయ బజ్జీలు కూడా తిన్నా, అది నా తప్పు.

పామిడి దగ్గర ఒక పెద్దాయన గొర్రెల్ని ఆపి, "యాడికప్పా ఉరుకుతాండావు, బస్సుకు దుడ్లు ల్యాకనా?" అన్నాడు. పెన్న వంతెన దాటే దాకా నవ్వుకున్నా. అనంతపురం, రాప్తాడు, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ గోడ పొడుగు, సోమందేపల్లి, అన్నీ చప్పగా గడిచిపోయాయి. నొప్పి పోలేదు, పెరగలేదు.

కొడికొండ చేరాక షూ విప్పి అడుగు చూశా. కుడిదాని బయటి అంచు గీతలు లేకుండా నున్నగా అరిగింది. ఎడమదానికి గీతలు ఇంకా ఉన్నాయి.