ఇంజెక్షన్లు ఆపాక

కండలు పెంచడానికి స్టెరాయిడ్లు వాడితే లివర్ పాడవుతుంది, గుండె దెబ్బతింటుంది అని అందరూ చెబుతారు. నిజమే. వాటిని ఆపాక వచ్చే నెలల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నన్ను మంచాన పడేసింది ఆ నెలలే.

బెంగళూరు బెళ్ళందూరులో మా జిమ్‌కు వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగు పీజీల కుర్రాళ్ళే. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్, డెకా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, పైన డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు. ఏడాదికి పైగా ఇదే నా సైకిల్, అంటే స్టెరాయిడ్ల కోర్సు. వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ 10 వారాలు ఇస్తే, వ్యాయామం చేయనివాళ్ళకు కూడా కండ పెరిగిందని 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. జిమ్‌లో అందరి నోటా అదే మాట. అది డాక్టర్ల కళ్ళ ముందు జరిగింది. మేం వాడింది అంతకు రెట్టింపు, అదీ నెలల తరబడి.

వీపు నిండా మొటిమలు. తెల్లారేసరికి దిండు గలీబు మీద రక్తపు చుక్కలు. చనుమొన వెనక గోళీకాయంత గడ్డ, ముట్టుకుంటే నొప్పి. కోపం గురించి మా ఆవిడే చెప్పాలి. ఇబ్బలూరు సిగ్నల్ దగ్గర ఒక ఆటో నా బైక్‌కు రాసుకుంది. దిగి అతని కాలర్ పట్టుకున్నాను. మా నాన్న వయసు మనిషి. చొక్కా గుండీ తెగి నా చేతిలోకి వచ్చింది.

రక్త పరీక్షలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 56, మంచి కొలెస్ట్రాల్ 19. బీపీ 160. రక్తం ఇంత చిక్కబడితే గడ్డకట్టే ప్రమాదముందని డాక్టరు వెంటనే ఆపించారు.

టెస్టోస్టిరాన్ బయటి నుంచి వస్తుంటే వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను మెదడు పంపడం మానేస్తుంది. వృషణాలు పని ఆపి చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి. ఇంజెక్షన్ ఆపిన మర్నాడే అవి లేచి పని మొదలుపెట్టవు. కనీసం 300 ఉండాల్సిన నా టెస్టోస్టిరాన్ 70కి పడిపోయింది. స్నానానికి లేవాలన్నా ఏడుపొచ్చేది. మదనపల్లి నుంచి వచ్చిన అమ్మ తల నిమురుతూ, "ఏం నాయనా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగేది. ఏం చెప్పను? చచ్చిపోతే బాగుండనిపించిన రాత్రి మా ఆవిడను లేపి చెప్పాను. తెల్లారగానే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇంకో సైకిల్ వేస్తే సెట్ అయిపోతావ్ అన్నా" అన్నాడు జిమ్‌లో ఒక తమ్ముడు. వేస్తే తేలికపడే మాట వాస్తవమే. అందుకే చాలామంది మళ్ళీ సూది పడతారు. ఆ దిగులు చేతకానితనం కాదు, హార్మోను పడిపోయి వచ్చిన జబ్బు. దానికి మందుంది. ఏం వాడారో డాక్టరుకు దాచకుండా చెబితేనే సరైన టెస్టులు రాస్తారు.

ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఇచ్చిన మందులు, దిగులుకు మాత్రలు, కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ నడక. ముందు బీపీ దారికొచ్చింది, తర్వాత కొలెస్ట్రాల్. నిద్ర, ఆకలి మెల్లగా తిరిగొచ్చాయి. వీర్యకణాల లెక్క అన్నిటికన్నా ఆలస్యం, ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. ఛాతీలో గడ్డ మాత్రం కరగలేదు, ఆపరేషన్ చేయించుకోవాలి.

ఆ తమ్ముడూ ఈమధ్యే ఆపేశాడు. రాత్రిళ్ళు వాడికి నేనే ఫోన్ చేస్తున్నాను. ఈ శనివారం ఎల్‌హెచ్ టెస్టుకు వాడితో పాటు వెళ్తున్నాను.