మావయ్య షాపుకి విండోస్ 7 డిస్క్: నాలుగు ఆదివారాల పని

తెనాలిలో మా మావయ్య డీటీపీ షాపులో పాత కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ పోయింది. జీ31 బోర్డు, కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్. కొత్తది కొనమన్నాను. "పేజ్‌మేకరూ అను ఫాంట్లూ కొత్తదాంట్లో ఎక్కకపోతే నువ్వొచ్చి కూర్చుంటావా? పెళ్లి కార్డుల సీజన్‌లో నాకు ప్రయోగాలొద్దురా" అన్నాడు. పేజ్‌మేకర్ అంటే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్, 'అను' అనేది తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పేరు. సరేనని చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించాను. కేబినెట్ మీద విండోస్ 7 ప్రొఫెషనల్ స్టిక్కర్ ఉంది కాబట్టి అదే 32 బిట్ మళ్లీ ఎక్కించాను. కానీ చివరికి అప్‌డేట్లన్నీ ముందే కలిపిన డిస్క్ నేనే తయారుచేయాల్సి వచ్చింది.

మొదటి ఆదివారం

నా దగ్గరున్న విండోస్ డిస్క్ 2011 నాటి సర్వీస్ ప్యాక్ 1ది. ఎక్కించి అప్‌డేట్లు వెతకమంటే కాసేపు తిరిగి 80072ఈఎఫ్‌ఈ అని ఎర్రగా చూపించి ఆగిపోయింది. పాత బోర్డుల్లో తేదీని నిలబెట్టే సీమాస్ బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, దాంతో కూడా ఇలాంటి తంటాలే వస్తాయి. అందుకని ముందు తేదీ చూశాను. బాగానే ఉంది. అసలు కారణం సంతకాల దగ్గర ఉంది. అప్‌డేట్ అసలైనదేనని చెప్పే మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకాలు 2019లో షా-1 అనే పాత పద్ధతి నుంచి షా-2 అనే కొత్త పద్ధతికి మారాయి, 2020లో పాత షా-1 సర్వర్లు ఆపేశారు. 2011 డిస్క్‌లో కొత్త సంతకాన్ని పోల్చుకునే ఏర్పాటే లేదు. అంటే అప్‌డేట్ తెచ్చుకోవాలంటే ముందు ఒక అప్‌డేట్ ఉండాలి!

ఆ మిషన్‌కి మామూలుగా నెట్ ఇవ్వం కదా, ఇదంతా ఎందుకు అనుకోవచ్చు. కానీ రోజంతా ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లు అందులోకి వస్తూనే ఉంటాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఆ షాపు ఇప్పటికే రెండుసార్లు చూసింది. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14న ఆగింది. కనీసం అప్పటిదాకా వచ్చినవైనా ఉండాలి, అవి డిస్క్‌లోనే ఉండాలి. మళ్లీ ఎప్పుడైనా ఎక్కించాల్సొస్తే నేను ఊళ్లో ఉంటానో లేదో.

రెండో ఆదివారం

పనంతా ఇంట్లో నా విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో, విండోస్ ఇన్‌స్టాల్ ఫైలులో మార్పులు చేసే డిస్మ్ అనే కమాండ్‌తో. డిస్క్‌లోని సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్.విమ్ అని ఒకే పెద్ద ఫైలు ఉంటుంది, విండోస్ అంతా అందులోనే. నా డిస్క్‌లో ఐదు ఎడిషన్లున్నాయి, ప్రొఫెషనల్ నాలుగోది. ఐదింటికీ విడివిడిగా అప్‌డేట్లు ఎక్కించే ఓపిక లేదు, ముందే నాలుగోదాన్ని మాత్రం వేరే ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకున్నాను. డీవీడీ నుంచి కాపీ చేసిన ఫైలుకి రీడ్-ఓన్లీ తీసేయాలి. తీయకపోతే మౌంట్ చేయడానికి, అంటే ఆ ఫైలుని ఒక ఫోల్డర్‌లా తెరిచి మార్చడానికి, పర్మిషన్ లేదంటుంది. ఇక్కడ అరగంట పోయింది.

నేను ఎక్కించిన వరస ఇది (కేబీ నంబరు అంటే ఒక్కో అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పేరు): ముందు కేబీ3020369, దాని మీద 2016 ఏప్రిల్ దాకా వచ్చినవన్నీ కలిపి ఇచ్చిన కేబీ3125574. తర్వాత షా-2 కోసం కేబీ4490628, కేబీ4474419. ఆపైన కేబీ4536952, చివర్లో 2020 జనవరి రోలప్, అంటే అప్‌డేట్లు కలిపి ఇచ్చిన మూట, కేబీ4534310. అప్‌డేట్లను ఎక్కించే యంత్రాంగానికే కొన్ని అప్‌డేట్లుంటాయి, వాటిని సర్వీసింగ్ స్టాక్ అంటారు. అవి ముందు పడాలి. ఒకే ఫోల్డర్‌లో అన్నీ పోసి ఎక్కించమంటే వరస దాని ఇష్టం, అందుకే ఒక్కొక్కటి విడిగా ఇచ్చాను.

సాయంత్రానికి అన్నీ పడ్డాయి. సేవ్ చేసి అన్‌మౌంట్ చెయ్యమన్నాను. నూటికి నూరు శాతం చూపించాక 0ఎక్స్‌సీ1420117 ఎర్రర్. చూస్తే పక్కన ఎక్స్‌ప్లోరర్‌లో ఆ మౌంట్ ఫోల్డరే తెరిచి పెట్టుకున్నాను. మూసేసి మళ్లీ కమిట్ (సేవ్) అంటే ఈసారి ఇంకో ఎర్రర్. దాని కింద ఉన్న మెసేజ్ నిదానంగా చదివితే అర్థమైంది: మొదటిసారే బహుశా సేవ్ అయిపోయింది, సరిచూసుకుని ఇప్పుడు డిస్కార్డ్ (సేవ్ చేయకుండా వదిలెయ్) ఇచ్చి మూసేయమంటోంది. పొద్దుటి నుంచి చేసిందంతా ఫోల్డర్‌లో ఉండగా డిస్కార్డ్ అని టైప్ చేయడానికి చెయ్యి రాలేదు. విమ్ ఫైలుని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, టీ తాగొచ్చి, అప్పుడు కొట్టాను. మళ్లీ మౌంట్ చేసి ప్యాకేజీల లిస్టు చూస్తే అన్నీ ఉన్నాయి.

మూడో ఆదివారం

సెటప్ మధ్యలో ప్రశ్నలు అడగకుండా ఆటోఅన్‌అటెండ్ ఫైలు రాసి డిస్క్ రూట్‌లో పెట్టాను. మావయ్య టైపింగ్ అంతా 'అను'లోని యాపిల్ అనే కీబోర్డు అమరికలోనే. ఈమధ్య వాట్సాప్‌లో వచ్చే యూనికోడ్ మ్యాటర్ దిద్దడానికని విండోస్ తెలుగు కీబోర్డు కూడా పెట్టాను, దాని కోడ్ 044ఎ. ఐఎస్‌ఓ, అంటే డీవీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా, చేయడానికి మైక్రోసాఫ్ట్ ఏడీకే కిట్‌లోని ఓఎస్‌సీడీఐఎమ్‌జీ వాడాను. బూట్ ఫైలు చెప్పడం మర్చిపోతే డిస్క్ తయారవుతుంది గానీ బూట్ అవదు.

ముందు వర్చువల్‌బాక్స్‌లో, అంటే ల్యాప్‌టాప్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లో, ఎక్కించి చూడటం మంచిదైంది. కోడ్ వరసలో తెలుగు ముందు పెట్టినందుకు లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ కొడుతుంటే ఎంతకీ లోపలికి పోనివ్వలేదు. ఇంగ్లిష్ ముందుకి తెచ్చి మళ్లీ చేశాను. మొత్తం 3 జీబీ పైచిలుకు, మామూలు డీవీడీలో పట్టేసింది. మావయ్య షాపులో పెళ్లి వీడియోల కాలం నాటి ఖాళీ డీవీడీలు ఇంకా ఉన్నాయి. మొదటిది 16ఎక్స్ స్పీడులో రాసి పాడుచేశాను, రెండోది 4ఎక్స్‌లో నిదానంగా రాస్తే బాగా వచ్చింది.

నాలుగో ఆదివారం

షాపులో పెట్టి ఎక్కిస్తే ఒక్క ప్రశ్న అడక్కుండా ముప్పావుగంటలో అయిపోయింది. పేజ్‌మేకర్ ఎక్కింది, ఫాంట్లు ఎక్కాయి, పాత కార్డు ఒకటి తెరిస్తే ఒత్తులతో సహా చక్కగా ఉంది. మావయ్య డెస్క్‌టాప్ మీద వెంకటేశ్వర స్వామి ఫోటో పెట్టుకుని భోజనానికి వెళ్లాడు. ఈలోపు నేను ఒకసారి రీస్టార్ట్ చేశాను. ఆయన వచ్చి చూసి, "స్వామేడిరా?" అన్నాడు. స్క్రీనంతా నలుపు.

ఇది కేబీ4534310తో వచ్చే తిక్క. వాల్‌పేపర్ స్ట్రెచ్ (సాగదీసే) సెట్టింగ్‌లో ఉంటే నల్లగా అయిపోతుంది. ఫిల్‌కి మారిస్తే స్వామి వచ్చేశాడు. దీన్ని సరిచేసేది కేబీ4539602. అది డిస్క్‌లో వేయలేదు. ఖాళీ డీవీడీలు ఇంకో ఆరున్నాయి, వచ్చే ఆదివారం మళ్లీ మౌంట్ చేయాలి.