కుమారి కిటికీ కింద

ఖాట్మండు నుంచి ఇల్లు చేరి నాలుగు రోజులే. పశుపతినాథుడికి మొక్కు చెల్లించాం. దశైన్, అంటే నేపాలీల దసరా రోజులు కదా, గుడి దగ్గర ఒకటే తొక్కిడి. చంకలో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా వెనకవాళ్ళు నెట్టడం ఆపరు. ఆ నెట్టుడులోనే నాలుగు ముఖాల లింగం రెప్పపాటు కనబడింది. అదే మహాభాగ్యం. అయినా కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఎదురుగా నిలిచేది, ఆ ఊళ్ళోనే బసంతపూర్‌లో బతికున్న అమ్మవారిగా కొలిచే చిన్నపిల్ల, కుమారే.

ఆవిడ ఉండే కుమారి ఘర్‌ను 1757లో ఖాట్మండు రాజు జయప్రకాశ మల్ల కట్టించాడు. ఖాట్మండు లోయవాసులైన నేవార్లలో శాక్య వంశపు ఆడపిల్లను పాలపళ్ళు ఊడకముందే ఎంచి తలేజు అమ్మవారిగా కొలుస్తారు. పెద్దమనిషి అయ్యేదాకా ఆ గద్దె ఆమెదే. అన్నాళ్ళూ బయట ఆ పాదాలు నేలకు ఆనకూడదు, ఎక్కడికైనా ఎత్తుకునో పల్లకీలోనో తీసుకెళ్ళాల్సిందే. ఇంద్రజాత్ర పండుగకు రథం ఎక్కిస్తారు. ఆటలు సంరక్షకుల ఇంటి పిల్లలతో, చదువు ఇంటికొచ్చే పంతుళ్ళ దగ్గర. కుమారికి చదువు హక్కు కాదనరాదని 2008లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. చాలా మంచి మాట. అమ్మవారుగా ఉండేది కొన్నేళ్ళే, తర్వాత బతకాల్సింది మామూలు ఆడపిల్లగానే కదా.

వెళ్ళదలిస్తే పొద్దున్నే వెళ్ళండి. ముంగిట్లో జనం పోగయ్యాక ఫోన్లు లోపల పెట్టేయమంటారు. ఫొటో నిషిద్ధం. ఒక్క చెయ్యి ఫోనుతో పైకి లేచినా కిటికీ ఖాళీ అవుతుంది. మేమున్నప్పుడు అదే జరిగింది. ఒకరి ఆత్రానికి అందరం మళ్ళీ ఎదురుచూశాం. ఎంత బాధేసిందో!

అప్పుడే ముందున్న ఓ నేపాలీ తల్లి పక్కకు జరిగి, మాకు చోటిచ్చి, తన ఆరేళ్ళ పిల్లను భుజానికెత్తుకుంది. ఆ పిల్ల నుదుటి నిండా టీకా. బియ్యం, పెరుగు, అబీర్ అనే ఎర్రపొడి కలిపి పెద్దలు విజయదశమినాడు పెట్టేది. పెరుగు ఎక్కువైతే కళ్ళలోకి జారుతుంది, తక్కువైతే బియ్యం నిలవదు. ఆరిన గింజలు ఒక్కొక్కటే తల్లి భుజం మీద రాలుతున్నాయి. జడలో పసుపుపచ్చటి జమరా. మన పెళ్ళిళ్ళ పాలికల్లో మొలకల్లాంటిదే, కాకపోతే ఇది నవరాత్రుల తొలిరోజున ఇసుకలో చల్లిన బార్లీ. చీకటి గదిలో పెట్టి రోజూ నీళ్ళు చిలకరించాలి. వెలుగు తగిలితే ఆకుపచ్చగా మారిపోతుంది, నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. టీకా, దీవెన, దక్షిణ కోసం పిల్లలు పున్నమిదాకా చుట్టాల ఇళ్ళు తిరుగుతూనే ఉంటారు. చాలా ఇళ్ళలో మేనమామే మేనకోడలి పాదాలకు మొక్కుతాడు.

అంతలో కిటికీలో ఎర్రటి బట్టలు కదిలాయి. కణతలదాకా లాగిన కాటుక, నడినెత్తిన బిగించిన ముడి. నవ్వు లేదు. అందరం చేతులు జోడించాం. కుమారి కిందికి చూసింది. చూస్తూనే కిటికీ చెక్కడంలోని ఓ కంతలో వేలు దూర్చి, తీసి, లోపలికి వెళ్ళిపోయింది. గట్టిగా పది లెక్కపెట్టేంత సేపు. భుజం మీది పిల్ల మాత్రం ఆ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం లోయ అంచున ఓ ఊళ్ళో పింగ్ చూశాం. నాలుగు పొడవాటి పచ్చి వెదుళ్ళను గోతుల్లో పాతి, కొసలు లోపలికి వంచి కట్టి, బాబియో గడ్డి తాడు వేలాడదీసిన ఉయ్యాల. గోతులు లోతు చాలకపోతే వెదుళ్ళు ఊగి వదులవుతాయి. తాడు ముందు ఒరిసిపోయేది ముడి దగ్గరే, అందుకే పెద్దవాళ్ళు అక్కడే తడిమి చూసి పిల్లల్ని ఎక్కిస్తారు. దశైన్‌లో ఒక్కసారైనా కాళ్ళు నేల విడవాలని అక్కడి నమ్మకం. ఓ చిన్నది ఎక్కి నిలబడి, మోకాళ్ళు వంచి లేస్తూ ఊపు అందుకుంది. కింద వాళ్ళమ్మ దాని చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నిలబడింది.