నగకు వెల కట్టించే ముందు దేనికో తేల్చుకోండి

ఒకే పచ్చల హారాన్ని హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్ షోరూమ్‌లో, చార్‌కమాన్ దగ్గర పాత బంగారం కొనే దుకాణంలో, గోల్డ్ లోన్ ఇచ్చే బ్యాంకులో, వెల కట్టడానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర చూపిస్తే నాలుగు ధరలు చెబుతారు. నలుగురిలో ఎవరూ మోసం చేయకపోయినా సరే, నాలుగే వస్తాయి. పాత బంగారం కొనేవాడు కరిగిస్తే ఏం మిగులుతుందో చూస్తాడు. బ్యాంకు అప్రైజర్‌కి రాళ్లతో పనే లేదు, నికర బంగారం ఎంతో అంతే. ఇన్సూరెన్సుకి మాత్రం అలాంటి హారమే ఇవాళ కొత్తగా చేయించాలంటే ఎంతవుతుందో కావాలి. అందులో తరుగూ, మజూరీ, 3 శాతం జీఎస్టీ అన్నీ కలుస్తాయి. తరుగు 18 శాతం అనుకుంటే, మజూరీ కలపకముందే బంగారం ధర మీద 21 శాతానికి పైగా పెరిగిపోతుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకునేటప్పుడు ఈ ధర పెట్టుకుంటే నగ తీసుకున్నవాళ్లు నష్టపోతారు, ఎందుకంటే రేపు అమ్మితే అంత రాదు. పంపకాలకి అమ్ముడుపోయే ధరే కట్టించాలి.

అందుకే వాల్యుయర్ ముందు కూర్చోగానే ‘దీని విలువెంత?’ అని అడగకుండా, కాగితం దేనికి కావాలో ముందు చెప్పండి. పన్ను కోసమైతే ఏ తేదీకో కూడా చెప్పాలి. 2001 ఏప్రిల్ 1కి ముందే కుటుంబంలోకి వచ్చిన నగను ఇప్పుడు అమ్మితే, ఆ రోజు మార్కెట్ విలువను కొన్న ధరగా చూపించుకునే వీలుంది. దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ ఆ తేదీకే కట్టిన రిపోర్టు కావాలి. ఈ రోజు విలువ రాసిన కాగితం అక్కడ పనికిరాదు.

లాకర్‌లో ఉన్నాయి కదా, ఇన్సూరెన్స్ ఎందుకనేవాళ్లకి ఒక లెక్క. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 4,000 అయితే 4 లక్షలు. లోపల ఎన్ని తులాలున్నా అంతే.

తులాల మాట వచ్చింది కాబట్టి: పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు దుకాణాల్లో అనే తులం 10 గ్రాములు. నానమ్మల నాటి చిట్టాలో 20 తులాలు అని ఉంటే అది 233 గ్రాములు కావచ్చు. కొత్త తులాలతో కొలిచి 33 గ్రాములు ఎవరో కాజేశారని ఇంట్లో గొడవ పెట్టుకోకండి.

బంగారం సంగతి కాస్త తేలిక. హాల్‌మార్క్ ఉంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 (22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం) లాంటి స్వచ్ఛత ముద్ర, ఆరు అక్షరాలూ అంకెలతో ఆ నగకే ఇచ్చిన హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. ఆ కోడ్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అక్కడ చూపించే నగ రకం మీ చేతిలో ఉన్నదేనా చూడండి. చేతి గాజు మీద ఉన్న కోడ్‌కి యాప్‌లో ఉంగరం అని వస్తే అనుమానించాల్సిందే. మేలిమి బంగారు రేకుతో రాళ్లు బిగించే కుందన్, చెక్కని వజ్రాల పోల్కీ, రాళ్లు పొదిగిన జడావు నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి పాతబస్తీలో చేసిన జడావు సెట్టు మీద కోడ్ లేనంత మాత్రాన తప్పుడు సరుకు అనుకోనక్కర్లేదు. పాత నగల్ని బీఐఎస్ గుర్తింపుతో స్వచ్ఛత పరీక్షించే అస్సేయింగ్ సెంటర్‌కి మామూలు జనం కూడా తీసుకెళ్లొచ్చు. నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు, అయిదూ ఆపైన అయితే ఒక్కోదానికి 45.

ఎక్స్‌రేతో స్వచ్ఛత కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ మీద నగ పెట్టగానే వచ్చే అంకెను వేదవాక్కుగా తీసుకోవద్దు. అది పైపొరలో కొన్ని మైక్రాన్ల లోతు వరకే చూస్తుంది. పైన మందంగా మెరుగు పోయిస్తే మెరుగునే చదువుతుంది. గొలుసులో లంకె దగ్గర 22 క్యారెట్లు చూపించినా, టంకం పెట్టిన అతుకుల్లో స్వచ్ఛత తక్కువ. వందల అతుకులున్న పాత గొలుసు కరిగిస్తే అంకె పడిపోవడానికి ఇదే కారణం. ముందువైపు, వెనకవైపు, కొక్కెం, ఒక అతుకు, ఇలా నాలుగైదు చోట్ల రీడింగ్ తీయమనండి. ఖచ్చితంగా తేలాలంటే చిన్న ముక్క తీసి నిప్పులో పెట్టే ఫైర్ అస్సే ఉంది కానీ పనితనం ఉన్న నగకి దాని జోలికి పోకపోవడమే మంచిది.

లక్క నింపిన నగల్లో అసలు చిక్కు తూకం దగ్గర వస్తుంది. హారం మొత్తం 62 గ్రాములు, రాళ్లూ లక్కా 14 గ్రాములు అనుకుంటే నికరం 48. దాన్ని 22 క్యారెట్లుగా లెక్కేస్తే మేలిమి 43.97 గ్రాములు, పరీక్షలో 20 క్యారెట్లని తేలితే 39.98. నాలుగు గ్రాములు అక్కడే పోయాయి. ఆ 14 కూడా అంచనాయే, 17 అయినా కావచ్చు. నగ విప్పకుండా ఎవరూ గట్టిగా చెప్పలేరు. రిపోర్టులో ‘అంచనా’ అని రాయకుండా నికర తూకాన్ని రెండు దశాంశాల వరకు రాసేసిన వాల్యుయర్ మీద నాకైతే నమ్మకం తగ్గుతుంది.

ఇక రాళ్లు. ‘మా అమ్మమ్మవి బర్మా కెంపులు’ అన్నది మన ఇళ్లలో తరచూ వినిపించే మాట. వాటిలో కెంపులా కనిపించే చౌక రాళ్లు గార్నెట్లుంటాయి, గాజు ఉంటుంది, మంటలో పొడి కరిగించి రాయి తయారుచేసే వెర్నాయ్ పద్ధతిలో 1900ల మొదట్లోనే మార్కెట్లోకి వచ్చిన సింథటిక్ కెంపులూ ఉంటాయి. పాతది కాబట్టి సహజమే అనే వాదన ఇక్కడ చెల్లదు. లూప్ (కంటి దగ్గర పెట్టుకునే చిన్న భూతద్దం) కింద వంపు తిరిగిన గీతలు, గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే సింథటిక్. గార్నెట్ అయితే అల్ట్రావయొలెట్ లైటు కింద వెలగదు, కెంపుల్లో చాలావరకు ఎర్రగా వెలుగుతాయి. ఇప్పటి సరుకులో గాజు నింపిన కెంపులు మరో బెడద. పగుళ్లలో సీసపు గాజు పోసి రాయిని తేటగా కనిపించేలా చేస్తారు. రాయిని అటూ ఇటూ తిప్పితే పగుళ్లలో నీలం మెరుపు కనిపిస్తుంది. కంసాలి దీపం వేడికీ, యాసిడ్‌కీ, ఆఖరికి నిమ్మరసానికీ ఆ గాజు చెడిపోతుంది. దీని ధరకీ, వేడి మాత్రమే చేసిన కెంపు ధరకీ పోలికే ఉండదు, కాబట్టి రిపోర్టులో ‘కెంపు’ అని వదిలేయకుండా ఏ ట్రీట్‌మెంట్ జరిగిందో రాయించుకోవాలి.

పచ్చలకి నూనె పట్టించడం మామూలే. ఎంత పట్టించారన్నదే ధరను మారుస్తుంది. వాల్యుయేషన్‌కి ముందు మెరవాలని ధ్వని కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మిషన్‌లో వేయించారో, నూనె పోయి పగుళ్లన్నీ బయటపడతాయి. జడావు నగలను నీళ్లలో ముంచడం అంతకంటే ప్రమాదం. రాయి వెనక ఉన్న రేకు తడిసి నల్లబడితే రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ముత్యాలకీ పగడాలకీ సబ్బు, టూత్‌పేస్ట్ వద్దు. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి తీసుకెళ్తే చాలు.

పత్తర్‌గట్టీ దుకాణాల్లో ఇప్పుడు దొరికేవి ఎక్కువగా చైనా మంచినీటి కల్చర్డ్ ముత్యాలు, అంటే చిప్పల్లో మనుషులు పెంచినవి. ఇంట్లో ఉన్నవి గల్ఫ్ సముద్రపు సహజమైన బస్రా ముత్యాలని నమ్మకం ఉంటే పంటికి రాసి చూసే పరీక్షతో సరిపెట్టుకోకండి. అది ప్లాస్టిక్కో గాజో కాదని మాత్రమే చెబుతుంది. సహజమా, కల్చర్డా అన్నది తేల్చేది ల్యాబ్‌లో ఎక్స్‌రే. సహజ ముత్యమైతే ఆ ఖర్చుకి ఎన్నో రెట్లు విలువ పెరుగుతుంది.

వజ్రాల దగ్గర పెన్నులాంటి టెస్టర్ బీప్ అనగానే సంబరపడొద్దు. వేడితో పనిచేసే టెస్టర్‌కి గని వజ్రమూ, ల్యాబ్‌లో పెంచినదీ ఒకటే. వజ్రంలా మెరిసే మోయిసనైట్ అనే వేరే రాయి కూడా దాన్ని దాటేస్తుంది. ఇప్పుడు పోల్కీ కూడా ల్యాబ్‌లో పెంచినది వస్తోంది. జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్‌ల సర్టిఫికెట్ ఉంటే రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరుతో సరిపోల్చాలి. కాగితం ఒక రాయిది, ఉంగరంలో ఉన్నది మరో రాయి అయ్యే వీలుంది. బిగించిన గుండ్రటి వజ్రం బరువుని వ్యాసం వర్గం, లోతు, 0.0061 గుణించి అంచనా కడతారు: 6.5 మిల్లీమీటర్ల వ్యాసం, 3.9 లోతు ఉంటే సుమారు ఒక క్యారెట్. పోల్కీకి ఈ సూత్రం పనిచేయదు. వెనక మూసిన అమరికలో లోతే కనపడదు మరి.

పాత హైదరాబాదీ నగలున్నవాళ్లు విదేశీ వేలాల్లో గోల్కొండ వజ్రాలు పలికిన ధరలు చూసి లెక్కలు వేసుకోవడం మామూలే. వందేళ్లు దాటిన నగలు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వ్యక్తులు వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. కాబట్టి లండన్ ధర ఇక్కడి నగకి వర్తించదు. నిజాం నగలు 173ని కేంద్రం 1995లో 218 కోట్లకు కొన్నప్పుడు కూడా, వేలం వేస్తే ఎన్నో రెట్లు వచ్చేదన్న వాదన వినిపించింది.

వెల కట్టేవాళ్లే కొనేవాళ్లు కాకూడదు. ‘కావాలంటే మేమే తీసుకుంటాం’ అన్నవాళ్ల అంకె ఎప్పుడూ కిందికే ఉంటుంది. ఫీజు శాతం లెక్కన కాకుండా, ఇన్ని వస్తువులకి ఇంత అని ముందే మాట్లాడుకుంటే విలువ పెంచి రాసే ఆశ ఉండదు. రిపోర్టులో ఒక్కో నగ ఫొటో, మొత్తం తూకం, నికర తూకం, రాళ్ల సంఖ్య, కొలతలు, రాయి రకం, ట్రీట్‌మెంట్, ఏ పరికరాలు వాడారు, ఏ అవసరానికి, ఏ తేదీ బంగారం రేటు మీద, వాల్యుయర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రాళ్లు విప్పకుండా బిగించిన స్థితిలోనే చూశామన్న మాట కూడా ఉండాలి.

నగను మీ కళ్లముందే తూయించండి, రాళ్లు లెక్కపెట్టించి చీటీ తీసుకోండి. ల్యాబ్‌లో వదిలి రావాల్సి వస్తే ఫొటో, తూకం, రాళ్ల లెక్క ఉన్న రసీదు లేకుండా కదలొద్దు. తిరిగి తీసుకునేటప్పుడు అదే కాంటా మీద మళ్లీ తూయించి, లూప్ అడిగి పెద్ద రాళ్లు చూసుకున్నాకే సంతకం పెట్టండి.