పాత సిల్వరాడోలో మిస్సింగ్: కాయిల్ కొనేముందు వైర్లు చూడండి

1999 మోడల్‌గా కొత్త రూపంతో వచ్చి 2007 దాకా నడిచిన తరం షెవర్లె సిల్వరాడో, జీఎంసీ సియెర్రా పికప్‌లు అమెరికా రోడ్ల మీద ఇంకా చాలానే కనిపిస్తాయి. వాటిలోని 4.8, 5.3, 6.0 లీటర్ల వీ8 ఇంజిన్లకు, ఒకే కాయిల్ కరెంటుని సిలిండర్లన్నిటికీ పంచే డిస్ట్రిబ్యూటర్ ఉండదు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్, అంటే స్పార్క్ ప్లగ్గుకి కరెంటు పంపేది. అవి ఒక్కో వాల్వ్ కవర్ మీద నాలుగేసి వరుసగా ఉంటాయి. మన ఊళ్లలో లారీ అంటే ఎక్కువగా డీజిలే కాబట్టి, మన బండ్లు బాగా తెలిసినవాళ్లకు కూడా ఈ కాయిళ్ల వ్యవహారం కొత్తగానే ఉంటుంది.

మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండక ఇంజిన్ తడబడటం, మొదలవగానే చాలామంది కాయిల్ మార్చేస్తారు. ఇరవయ్యేళ్లు ఇంజిన్ వేడికి కాగిన బండిలో కాయిల్ కన్నా ముందు అనుమానించాల్సింది కనెక్టర్‌ని, దాని వెనక వైర్లని.

కాయిల్‌కి నాలుగు వైర్లు వస్తాయి. ఎ పిన్ నల్ల వైరు, అంటే ఎర్త్. బి పిన్ సిగ్నల్‌కి రిఫరెన్స్ ఎర్త్. సి పిన్‌కి ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఆజ్ఞ వస్తుంది. డి పిన్ గులాబీ రంగు వైరు, తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు. వీటిలో మూడు ఆ వైపున్న నాలుగు కాయిళ్లకూ ఉమ్మడి. సి ఒక్కటే దేనిది దానికి విడిగా వస్తుంది. అందుకే నాలుగు కాయిళ్ల చిన్న హార్నెస్ (వైర్ల కట్ట), మెయిన్ హార్నెస్‌తో కలిసేచోట 7 పిన్నుల కనెక్టర్ సరిపోతుంది.

ఈ లెక్క తెలిస్తే సగం పని అయినట్టే. డ్రైవర్ వైపు (అమెరికా బండ్లలో ఎడమ) ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7; అవతలి వైపు 2, 4, 6, 8. ఒక వైపు నాలుగూ కలిసి చచ్చిపోతే కాయిళ్ల జోలికి పోకండి. 7 పిన్నుల కనెక్టర్, ఇంజిన్ వెనక సిలిండర్ హెడ్‌కి బిగించిన ఎర్త్, 15 ఆంపియర్ల ఇంజెక్టర్ ఫ్యూజు, ఈ మూడూ చూడండి. కాయిళ్లకూ, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకూ కరెంటు ఆ ఫ్యూజు నుంచే. అది పోతే పెట్రోలు కూడా రాదు, ప్లగ్గులు పొడిగా ఉంటాయి. కాయిళ్ల ఎర్త్ పోతే మాత్రం ఇంజెక్టర్లు కొడుతూనే ఉంటాయి, ఎందుకంటే వాటి ఎర్త్ కంప్యూటర్ గుండా వెళ్తుంది. అప్పుడు ప్లగ్గులు తడిసి పెట్రోలు వాసన వస్తాయి.

ఒక్క సిలిండరే మిస్ అవుతుంటే, ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్‌ని స్కానర్‌తో చదవండి. పి0303 అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్ అని మాత్రమే. దాంతోపాటు పి0353 కూడా ఉంటే ఆ కాయిల్ ఆజ్ఞ వైరు తెగడమో, షార్ట్ అవడమో, కాయిల్ లోపలి సర్క్యూట్ పోవడమో జరిగి ఉంటుంది. పి0303 ఒక్కటే వస్తే ముందు కాయిల్ నుంచి ప్లగ్గుకి వెళ్లే ప్లగ్ వైరు చూడండి. దాని కొసన ఉండే రబ్బరు తొడుగు (బూట్) పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఉంటుంది, కాలి పగులుతుంది.

తర్వాత మూడో కాయిల్‌ని ఐదో దాంతో మార్చి, కోడ్ చెరిపి నడపండి. ప్లగ్ వైర్లు మాత్రం వాటి సిలిండర్లకే ఉంచండి. పి0305 వస్తే కాయిల్‌దే తప్పు. పి0303 అక్కడే ఉంటే కొత్త కాయిల్ డబ్బులు మిగిలాయి. ఓమ్ మీటర్‌తో కాయిల్ కొలవడం ఇక్కడ పనికిరాదు, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ కాయిల్ లోపలే ఉంది.

ఇక కనెక్టర్. మల్టీమీటర్ సూదిని ఎదురుగా ఆడ టెర్మినల్‌లోకి గుచ్చకండి. టెర్మినల్ సాగిపోయి, అప్పటిదాకా లేని లూజు పుడుతుంది. వెనక నుంచి, వైరు పక్కగా సన్నని పిన్ను దూర్చండి. వైరులోని పది పోగుల్లో తొమ్మిది తెగినా మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది. అందుకని కనెక్టర్ ఊడదీసి, గులాబీ వైరుకీ నల్ల వైరుకీ మధ్య ఇండికేటర్లలో వాడే 21 వాట్ల బల్బు పెట్టండి. తాళం తిప్పగానే నిండుగా వెలగాలి. మసకగా వెలిగితే బల్బు నల్ల వైపు కొసని నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి మార్చండి. వెలుగు పెరిగితే దోషం ఎర్త్‌ది, పెరగకపోతే గులాబీ వైరుది.

ఈ బల్బుని సి వైరుకి మాత్రం ఎప్పుడూ తగిలించకండి. అది 5 వోల్టుల లోపు సన్నని సిగ్నల్, కంప్యూటర్ లోపల దాన్ని పంపే సర్క్యూట్ దెబ్బతినొచ్చు. కనెక్టర్ పెట్టే ఉంచి, మీటర్‌ని హెర్ట్జ్‌లో పెట్టి బి, సి ల మధ్య చూడండి. నిమిషానికి 600 చుట్ల ఐడిల్‌లో సుమారు 5 రావాలి, రెండు చుట్లకి ఒకసారే స్పార్క్ కాబట్టి. ఇంజిన్ నడుస్తుండగా హార్నెస్‌ని కాస్త కాస్తగా వంచుతూ రండి. ఎక్కడ అంకె పడిపోతే అక్కడే తెగింది. ప్లగ్ వైర్ల మీద చెయ్యి పడనీయకండి.

లాక్ నాలుక విరిగిన కనెక్టర్‌ని జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) బిగించి వదిలేయడం ఇల్లు చేరడానికి తప్ప దేనికీ చాలదు, అదురుకి లోపల పిన్నులు అరుగుతూనే ఉంటాయి. వైర్లతో వచ్చే కొత్త కనెక్టర్ తెచ్చి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఒకసారి ఒక్క వైరే కత్తిరించి కలపండి. కొత్తదాని రంగులు నమ్మకండి, పిన్ అక్షరం చూసి కలపండి. అతుకులన్నీ ఒకేచోట పడకుండా రెండేసి సెంటీమీటర్లు ఎడంగా ఉంచండి. మంచి క్రింపింగ్ టూల్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. ఇంజిన్ వేడికి మామూలు టేపు కరిగి ఊడిపోతుంది.

కాయిలే మార్చాల్సి వస్తే పాతది చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఈ బండ్లకి గుండ్రటివీ, చదరంగా ఉండేవీ రెండు రకాలు వచ్చాయి. బ్రాకెట్, ప్లగ్ వైర్ల పొడవు ఒకదానిది ఇంకోదానికి కుదరవు.